శివరాత్రికీ ఉగాదికీ మధ్య: విశాఖ నుంచి ఒక్కరే బండి మీద వంజంగి, అరకు చుట్టి రావడం ఎలా

శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్ళిపోతుందంటారు. విశాఖలో అది నిజమే. ఇళ్ళల్లో ఫ్యాన్లు తిరగడం మొదలవుతుంది, మధ్యాహ్నం పూట ఎండలో ఆపిన బండి సీటు చుర్రుమంటుంది. అదే వారంలో తెల్లవారుజామున నాలుగున్నరకు పాడేరులో బండి తీసి చూడండి, క్లచ్ పట్టుకున్న వేళ్ళు మీ మాట వినవు. ఈ కాలంలో ఏజెన్సీకి, అంటే ఆ గిరిజన ప్రాంతపు కొండలకు, వెళ్ళడంలో సుఖమూ అదే, చిక్కూ అదే.

ఇది మూడు రోజుల చుట్టు. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు. మర్నాడు తెల్లారకముందే వంజంగి కొండ, తర్వాత హుకుంపేట దారిలో అరకు. మూడో రోజు అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట, కొత్తవలస, పెందుర్తి మీదుగా ఇల్లు. మొత్తం 280 కిలోమీటర్ల చిల్లర, అటూ ఇటూ తిరిగితే ఇంకో నలభై. ఒక ఘాట్ ఎక్కి ఇంకో ఘాట్ దిగుతారు కాబట్టి చూసిన దారే మళ్ళీ చూడక్కర్లేదు. మోటార్ సైకిల్ మీద వెళ్ళేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కారైనా చాలావరకు ఇదే లెక్క.

నలుగురితో వెళ్తే అందులో ఒక పిరికివాడు ఉంటాడు. "ఒద్దురా, మబ్బు పడుతోంది, దిగిపోదాం" అంటాడు. అందరూ వాణ్ణి ఏడిపిస్తారు గానీ చివరికి దిగుతారు. ఒక్కరే వెళ్ళినప్పుడు ఆ మాట అనేవాడు ఉండడు. అందుకని ఆ 'వద్దు'లన్నీ ఇంట్లో ఉండగానే, చల్లగా ఆలోచించి, కాగితం మీద రాసుకోవాలి. నా కాగితం మీద ఉండేవి ఇవి: ఘాట్ ఎక్కడమైనా దిగడమైనా వెలుతురు ఉండగానే. ఉదయం పది దాటాక కొండ మీద ఉండేది లేదు. ఉరుము వినిపిస్తే ఎక్కడున్నా వెనక్కే. నలుగురు నడిచిన బాట కనిపించని చోటికి ఒంటరిగా పోయేది లేదు. కొండ ఎక్కాక వీటి మీద చర్చ ఉండదు.

ముందుగా తేదీ

ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి మూడో వారం దాకా మంచి సమయం. ఇంటర్, పదో తరగతి పరీక్షల రోజులు కాబట్టి పిల్లలున్న కుటుంబాలు కదలవు, గదులు దొరుకుతాయి. శని, ఆదివారాలు మాత్రం వద్దు. శనివారం రాత్రి విశాఖ నుంచి వచ్చే బళ్ళతో వంజంగి కింద పార్కింగే ఒక తిరనాళ. మంగళ, బుధవారాలు పెట్టుకోండి.

ఏం చూడబోతున్నారో కూడా ముందే తెలిసి ఉండాలి. ఫోన్లలో తిరిగే వంజంగి ఫోటోలు, తెల్లటి మబ్బుల మధ్య కొండకొసలు దీవుల్లా తేలేవి, ఎక్కువగా నవంబరు నుంచి జనవరి వరకు తీసినవి. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలకుండా ఉంటే నేల వేడి పోగొట్టుకుని చల్లబడుతుంది. బరువైన ఆ చల్లగాలి లోయలోకి జారి నిలుస్తుంది, అందులో తేమ ఉంటే మంచుగా కమ్ముతుంది. మనం దాని పైన నిలబడి చూస్తాం. మార్చి వచ్చేసరికి నేల ఎండిపోయి తేమ తగ్గుతుంది. ముందు రోజు చిన్న జల్లు పడి, రాత్రికి ఆకాశం తేరుకుంటే ఆశ పెట్టుకోవచ్చు. లేకపోతే పలచటి పొగమంచు, దాని వెనక ఎర్రటి సూర్యుడు, అంతే. నా మటుకు నాకు అదీ తక్కువేం కాదు. మబ్బుల కోసమే వెళ్ళేవాళ్ళు డిసెంబరు దాకా ఆగడం మేలు. జలపాతాల సంగతీ అంతే. కటికి లాంటివి ఈ రోజుల్లో చిక్కిపోతాయి, వాటి కోసం దారి మళ్ళకండి.

ఈ కాలం ఇచ్చేవి వేరే ఉన్నాయి. ఘాట్ పొడవునా ఆకు రాల్చిన మోదుగ కొమ్మల నిండా నారింజ రంగు పూలు, బూరుగు చెట్ల మీద ఎర్రటి పూలు, కింద రోడ్డు మీద వాటి రేకులు. మార్చిలో ఒక మంచి వాన పడితే ఎనిమిది, పది రోజులకు కాఫీ తోటలు పూస్తాయి. కొమ్మ కొమ్మకీ కణుపుల దగ్గర తెల్లటి గుత్తులు, మల్లెపూల వాసన. మూడు నాలుగు రోజుల్లో రేకులు గోధుమరంగుకు తిరిగి రాలిపోతాయి. దానికి తేదీ చెప్పలేం. వాన పడిందని వింటే వారం ఆగి బయల్దేరండి.

ఉగాది దాటాక వెళ్తే ఇంకో సంగతి. చైత్రంలో ఏజెన్సీ ఊళ్ళల్లో ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్ళు వేటకు వెళ్తారు, ఆడవాళ్ళు పాటలు పాడుతూ రోడ్డుకు అడ్డంగా తాడో కర్రో పెట్టి బళ్ళు ఆపి పండగ డబ్బులు అడుగుతారు. కంగారు పడక్కర్లేదు. జేబులో పది, ఇరవై నోట్లు ఉంచుకోండి, నవ్వుతూ ఇచ్చి కదలండి. అడగకుండా ఫోన్ తీసి వాళ్ళ ముఖాల మీద పెట్టడం మాత్రం మర్యాద కాదు.

బండి

వారం ముందే మెకానిక్‌కి చూపించాలి, ముందు రోజు కాదు. కొత్తగా వేసిన బ్రేకు షూ, ప్యాడ్ కాస్త తిరిగి కుదురుకోవాలి. టైర్ల గాడులు చూడండి. మోటార్ సైకిల్ టైర్ల గాడుల లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టప్రకారమే పనికిరావు, ఘాట్‌కి అంతకంటే లోతే ఉండాలి. చైన్ బిగింపు, ముందు లైటు, హారన్, క్లచ్ కేబుల్. కేబుల్ ఒకటి విడిగా కొని సీటు కింద పడెయ్యండి, ఖర్చు తక్కువ, ధైర్యం ఎక్కువ. ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ కిట్, చిన్న పంపు పెట్టుకుని, ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూడండి.

గేర్లు లేని స్కూటర్ మీద కూడా చాలామంది వెళ్ళొస్తారు. ఎక్కడం ఇబ్బంది లేదు, దిగడమే. ఇంజిన్ పట్టు తక్కువ కాబట్టి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. దాని గురించి మూడో రోజు దగ్గర చెబుతాను.

ఒళ్ళు

వంజంగి పెద్ద కొండేం కాదు. రోజూ నడిచే అలవాటున్నవాళ్ళు ఆయాసపడుతూనైనా గంట, గంటన్నరలో ఎక్కేస్తారు. కానీ ముందు రోజంతా బండి తోలి, సరిగ్గా నిద్రపోకుండా, చీకట్లో ఎక్కాలి. మూడు వారాల ముందు నుంచి వారానికి రెండు సార్లు సింహాచలం మెట్లు ఎక్కి దిగండి, తీసుకెళ్ళబోయే సంచి అదే బరువుతో వీపున వేసుకుని. దర్శనం పుణ్యం, మోకాళ్ళ పరీక్ష రెండూ అవుతాయి. దిగేటప్పుడు మోకాలి చిప్ప కింద నొప్పి పుడితే ఈ కొండ మీదా పుడుతుంది, కర్ర తీసుకెళ్ళాలని అర్థం. కొత్త బూట్లు అరగదీయడానికీ ఆ మెట్లే మంచివి.

సంచి

ఒక సూత్రం చాలు: ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. పాడేరు, అరకు రెండూ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటాయి. పైగా తెల్లవారుజాము, పైగా బండి మీద కొట్టే గాలి. ఒకే ఒక్క దళసరి స్వెటర్ కంటే చొక్కా, పలచటి ఉన్ని, పైన గాలి చొరబడని జాకెట్ అని మూడు పొరలు మేలు. ఎండెక్కుతున్న కొద్దీ ఒక్కొక్కటి తీసి సంచిలో కుక్కొచ్చు. చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఎక్కేటప్పుడు చెమట పట్టిన బనీను మీద పైగాలి తగిలితే వణుకు పుడుతుంది కాబట్టి మార్చుకోవడానికి ఒకటి పొడిది.

రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, తలకు పెట్టుకునే టార్చి, పవర్ బ్యాంకు, విజిల్, చుట్టుడు బ్యాండేజీ, దోమల క్రీము, మందులు. నగదు. సిగ్నల్ లేని చోట ఫోన్ పే ఎంత చూపించినా టీ రాదు. తిండికి ఇంటి నుంచి ఏమీ మోయకండి, దారిలో మాడుగుల ఉంది.

ఇంట్లో ఒకరికి

లైవ్ లొకేషన్ పెట్టాను కదా అని ఊరుకోకండి. ఘాట్‌లో సిగ్నల్ పోగానే చుక్క అక్కడే ఆగిపోతుంది, ఇంట్లో అమ్మకి టెన్షన్. దానికంటే టైముతో మాట్లాడుకోవడం పనికొస్తుంది. "బుధవారం పదకొండుకల్లా కొండ దిగి ఫోన్ చేస్తాను. ఒంటిగంట దాకా రాకపోతే లాడ్జికి ఫోన్ చెయ్యి. వాళ్ళకీ తెలియకపోతే 112." ఇంత స్పష్టంగా, రాసి ఇవ్వాలి. బండి నంబరు, లాడ్జి పేరు, ఏ దారిన వెళ్ళి ఏ దారిన వస్తారో అదే కాగితం మీద. కంగారుపడే మనిషికి కాదు, లెక్కగా ఉండే మనిషికి ఇవ్వండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

మొదటి రోజు: విశాఖ నుంచి పాడేరు

ఏడింటికి బయల్దేరితే హాయిగా ఉంటుంది. సబ్బవరం దాటి చోడవరం వైపు తిరిగాక రోడ్డు పల్లెల మధ్య నుంచి పోతుంది. చెరకు నరికే రోజులు కాబట్టి లోడు ట్రాక్టర్లు ఉంటాయి. గెడలు పక్కలకు మూరెడు పొడుచుకొచ్చి ఉంటాయి, వెనక లైటు ఉండదు. దగ్గరగా వెళ్ళకండి. చోడవరంలో ట్యాంకు నింపెయ్యండి. పాడేరు, అరకుల్లో బంకులున్నాయి గానీ కొండెక్కే ముందు నిండుగా ఉండటమే పద్ధతి.

మాడుగులలో ఆగి హల్వా కొనండి. గోధుమ పాలు తీసి, నెయ్యి పోసి గంటల తరబడి కలిపి చేసే ఈ హల్వా నోట్లో వేస్తే జారిపోతుంది. రుచి సంగతి అలా ఉంచితే కొండ మీదికి ఇంతకంటే మంచి తిండి లేదు. పాడవదు, చిన్న ముక్కతో గంట నడవొచ్చు. పావు కిలో చాలు అనుకుంటారు, చాలదు.

గరికబంద చెక్‌పోస్టు దాటితే ఘాట్ మొదలు. మలుపు మలుపుకీ హారన్ కొట్టండి, మీ ఎడమ పక్కనే ఉండండి, మలుపులో ఓవర్‌టేక్ మాట మర్చిపోండి. ఆర్టీసీ బస్సు మలుపు తిరిగేటప్పుడు రోడ్డంతా దానిదే, ఆగి దారివ్వాలి. ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలని 2017 డ్రైవింగ్ నియమాలు చెబుతాయి. ఆ నియమం ఎదుటివాడికి తెలుసని మాత్రం అనుకోకండి.

వంట్లమామిడి, మినుములూరు దాటాక గాలి మారుతుంది. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఇక్కడో టీ కొట్టు దగ్గర ఆగితే ప్రశ్న తప్పదు. "ఒక్కలే వచ్చేరేటి బాబూ? మరెవులూ నేరా?" దాన్ని ఆరాగా తీసుకోకండి. "ఒక్కణ్ణే అమ్మా, రేపు పొద్దున్న వంజంగి" అని చెప్పండి. దారి బాగుందో లేదో, నిన్న మంచు పట్టిందో లేదో, పైన ఎవరినైనా ఆపుతున్నారో, ఏ యాప్‌లోనూ లేని సమాచారం ఆ గ్లాసు టీ తోనే వస్తుంది. మీరెక్కడికి వెళ్తున్నారో తెలిసిన మనిషి ఇంకొకరు పెరిగారు కూడా.

మధ్యాహ్నానికి పాడేరులో గది తీసుకోండి. జిల్లా కేంద్రం కాబట్టి లాడ్జీలున్నాయి. టెంట్ల మోజు ఉన్నవాళ్ళు గుంపుతో వచ్చినప్పుడు తీర్చుకోవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఊరి మధ్యలో తలుపు గడియ సరిగ్గా పడే గదే ఎంచుకోండి. సాయంత్రం మోదకొండమ్మ తల్లి గుడికి వెళ్ళి దండం పెట్టుకుని, వెలుతురు ఉండగానే వంజంగి కొండ కిందిదాకా బండి మీద వెళ్ళి రండి. ఐదారు కిలోమీటర్ల దారి. రేపు చీకట్లో తోలబోయేది ఇదే. గుంటలెక్కడ, మలుపెక్కడ, పశువులు ఎక్కడ పడుకుంటాయి, బండి ఎక్కడ పెట్టాలి, అన్నీ ఇప్పుడే చూసుకోవాలి. కింద టికెట్ తీసుకునేవాళ్ళను ఎన్నింటి నుంచి పైకి వదులుతారో అడగండి, ఆ టైములు మారుతుంటాయి. తొమ్మిదికల్లా పడుకోండి.

రెండో రోజు: కొండ

మార్చి మొదట్లో సూర్యోదయం ఆరూ పది ప్రాంతంలో. నాలుగున్నరకు గది వదిలి, ఐదు లోపు ఎక్కడం మొదలుపెడితే తొందర లేకుండా చేరతారు. ఖాళీ కడుపుతో వద్దు, హల్వా ముక్కో అరటిపండో తినండి.

మొదటి పదిహేను నిమిషాలు కావాలనే నెమ్మదిగా నడవండి. పక్కనుంచి కుర్రాళ్ళు పరుగెడుతూ వెళ్తారు, సగం దారిలో రాళ్ళ మీద చతికిలబడి కనిపిస్తారు. ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నడవగలిగినంత వేగమే మీ వేగం. నోరు తెరిచి ఎగశ్వాస పడుతుంటే ఎక్కువైనట్టు. జాకెట్ ఎక్కేటప్పుడు విప్పి, పైన ఆగగానే వేసుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అందుకే జలుబుతో ఇల్లు చేరతారు.

ఎర్రమట్టి, దాని మీద సన్నటి గులక. వర్షాకాలంలో బురద జారుస్తుంది, ఇప్పుడు పొడి గులక జారుస్తుంది. గులక మీద పాదం బంతిలా దొర్లుతుంది. అడుగు మొత్తం ఒకేసారి ఆనించి, కదలని రాయి మీదో గడ్డి కుదురు పక్కనో వేయండి. ఎండుటాకుల గుట్ట మీద కాలు వేసే ముందు కర్రతో తట్టండి, కింద ఏముందో తెలియదు. టార్చి ముందుకి కాకుండా రెండు మూడు అడుగుల దూరంలో నేల మీద పడేలా వంచుకోండి.

మెట్టు మెట్టుకూ చూసే చోట్లు ఉన్నాయి. మొదటిచోట జనం ఆగిపోతారు. ఓపిక ఉంటే పైకి వెళ్ళండి. కానీ ఫోటో కోసం అంచున ఉన్న రాళ్ళ చివరికి మాత్రం వద్దు. ఒంటరిగా ఉన్నవాళ్ళకి సెల్ఫీ చాలా ప్రమాదకరమైన పని, ఎందుకంటే కళ్ళు ఫోన్ మీద, వీపు లోయ వైపు. ఎవరినైనా అడగండి, తీస్తారు. మంచు మరీ దట్టంగా కమ్మి పది అడుగుల దూరం కనిపించకపోతే ఉన్నచోటే కూర్చోండి. ఎండ పడ్డాక దానంతట అదే విడిపోతుంది.

ఈ కాలపు అసలు భయం రెండు. ఒకటి నిప్పు. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అడవంతా ఎండుటాకు పరుపు. పోడు కోసం పెట్టిన మంటలు కూడా అక్కడక్కడా కనిపిస్తాయి. చలిమంట, సిగరెట్టు రెండూ వద్దు. పొగ మీ వైపు వస్తుంటే పైకి కాదు, పక్కకీ కిందికీ కదలాలి. మంట ఏటవాలు పైకి మనిషి కంటే వేగంగా పాకుతుంది.

రెండోది పిడుగు. మార్చి నుంచి మధ్యాహ్నాలు ఉక్కపోసి, మూడింటికో నాలుగింటికో కొండల మీద మబ్బు లేస్తుంది. పొద్దున్న ఆకాశం నీలంగా ఉందని నమ్మడానికి లేదు. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. ముప్పై సెకన్ల లోపే వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు, అంటే మీరు దాని అందుబాటులో ఉన్నారు. శిఖరం, ఒంటరి చెట్టు, ఇనప స్తంభం వదిలి కిందికి రండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ ఎక్కకండి. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ దగ్గర్లో పిడుగుల సూచన చూపిస్తుంది, సిగ్నల్ ఉన్నప్పుడు చూసుకోండి. పదిలోపు దిగాలన్న నియమం ఇందుకే.

తేనెపట్లు కనిపిస్తే సెంటు కొట్టుకున్నవాళ్ళూ కొట్టుకోనివాళ్ళూ అందరూ దూరం.

ఎనిమిదిన్నరకల్లా దిగడం మొదలుపెట్టండి. ప్రమాదాలు ఎక్కువ దిగేటప్పుడే, కాళ్ళు అలిసి, పని అయిపోయిందన్న ధీమాతో. అడుగులు చిన్నవిగా, మోకాళ్ళు కాస్త వంచి. ఖాళీ సీసాలు మీతోనే. కిందికి రాగానే ముందు ఇంటికి ఫోన్, తర్వాతే టిఫిన్. చోడి (రాగి) అంబలి దొరికితే తాగండి, ఎండలో బండి తోలేవాడికి అది మంచిది.

పాడేరు నుంచి హుకుంపేట మీదుగా అరకు సుమారు యాభై కిలోమీటర్లు. అందమైన రోడ్డే గానీ తెల్లవారుజామున లేచిన ఒళ్ళు కాబట్టి నిద్ర ముంచుకొస్తుంది. పాడేరులోనే గంట పడుకుని బయల్దేరండి. చుట్టూ కనిపించే కొండల్లో అర్మకొండ లాంటివి 1,600 మీటర్లు దాటుతాయి, చూస్తే ఎక్కాలనిపిస్తుంది. వాటికి గుర్తులు పెట్టిన బాట లేదు. అంతగా కావాలంటే ఆ ఊరి మనిషిని ఒకరిని తోడు అడిగి, రోజు కూలికి తక్కువ కాకుండా ఇచ్చి వెళ్ళండి. అరకులో సాయంత్రం మీ ఇష్టం. సంత ఉన్న రోజైతే మ్యూజియం కంటే సంతే చూడమంటాను. బొంగులో చికెన్ ఒక్కరికి ఎక్కువే, సగం బొంగు అడిగితే ఇచ్చేవాళ్ళు ఉంటారు.

మూడో రోజు: దిగడం

సుంకరిమెట్ట, గాలికొండ దగ్గర కాఫీ తోటలకు ఆగండి. పూత ఉంటే కొమ్మలు విరవకండి, ప్రతి పువ్వూ ఒక కాయ, అది ఒకరి కూలి డబ్బు. బొర్రా గుహలు ఉదయం పదింటికి తెరుస్తారు, ముందే చేరితే గుంపు లోపల నిండకముందు చూసి బయటపడొచ్చు.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగుల్చుకునే తెలివి వద్దు. ఏ గేర్లో ఎక్కుతామో అదే గేర్లో దిగాలి, రెండో మూడో. ఇంజినే బండిని పట్టుకుంటుంది. బ్రేకు నొక్కి పట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా ఒకసారి వేసి వదలండి. అదేపనిగా నొక్కితే ప్యాడ్లు కాలి పట్టు వదులుతాయి. డిస్క్ బ్రేకైతే లోపలి ద్రవం మరిగి లివర్ మెత్తగా లోపలికి పోతుంది. కాలిన వాసన వచ్చినా, లివర్ మెత్తబడినా వెడల్పైన చోట ఆపి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి, నీళ్ళు పొయ్యకండి. స్కూటర్ వాళ్ళు వాసన కోసం చూడకుండా నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగాలి. డముకు వ్యూ పాయింట్, టైడా ఆగడానికి బాగుంటాయి.

చెక్‌పోస్టుల్లో పోలీసులు ఒంటరిగా వచ్చే బండిని ఆపి సంచి విప్పమంటారు. గంజాయి కోసం చేసే తనిఖీ, విసుక్కోకండి. కాగితాలు చేతికి అందేలా పెట్టుకోండి. అంతకంటే ముఖ్యం, "విశాఖలో మావాడు వచ్చి తీసుకుంటాడు, ఈ ప్యాకెట్ కాస్త ఇచ్చెయ్యండి" అని ఎవరు ఎంత మర్యాదగా అడిగినా తీసుకోవద్దు. మత్తుమందులకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టం కింద దొరికితే మీకు తెలియదన్న మాట ఎవరూ వినరు.

మూడింటికల్లా శృంగవరపుకోట దాటితే కొత్తవలస, పెందుర్తి ట్రాఫిక్ సాయంత్రం రద్దీకి ముందే అయిపోతుంది. మర్నాడు బ్రేకులు మళ్ళీ చూపించండి, చైన్ కడిగి నూనె వేయండి. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి రెండు మూడు వారాల్లోపు చలిజ్వరం వస్తే మాత్ర మింగి ఊరుకోకుండా రక్త పరీక్ష చేయించుకుని, పాడేరు, అరకుల్లో రాత్రులు ఉన్నానని డాక్టరు అడగకముందే చెప్పండి.